వరండాలోని స్పీకరు

గదిలో ఉన్నవాళ్లు ఐదుగురు: విచారణ జరపడానికి జిల్లా కేంద్రం నుంచి వచ్చిన డీఈ, అంటే మా డివిజనుకు పెద్ద ఇంజినీరు; ఆయన పక్కన కూర్చుని రాసుకునే గుమాస్తా; మా సబ్‌స్టేషన్ ఆపరేటరు; మా లైన్‌మన్; నేను. ఉన్న సామాను: ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఇసుక బకెట్లు రెండు, ఎర్ర తువ్వాలు కప్పిన వైర్‌లెస్ సెట్టు, తిరగని ఫ్యాను, మూరెడు అల్యూమినియం తీగముక్క. కుర్చీ చాలక లైన్‌మన్ నిలబడ్డాడు. తీగముక్క సాక్ష్యం. కరెంటు పంచే చోట ఫ్యాను తిరగకపోవడం మీద వేయాల్సిన జోకులన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఆ రోజు ఎవరూ పైకి కూడా చూడలేదు.

గదిలో లేనిది ఒకటి ఈ లెక్కలో చేర్చాలి. వరండా గోడకు ఒక లౌడ్‌స్పీకరు బిగించి ఉండేది. దాని తీగ కిటికీ ఊచల్లోంచి లోపలికి వచ్చి వైర్‌లెస్ సెట్టు వెనక కలిసేది. విచారణ మొదలైనా అది మాట్లాడుతూనే ఉంది. ఏదో స్టేషన్ వాళ్లు ఫ్యూజు తీగ అడుగుతున్నారు.

"ముందా గోల ఆపించండి," అన్నాడు డీఈ.

ఆపరేటరు లేచాడు కానీ మీట దగ్గరకు వెళ్లలేదు. "ఆపుతే ఎట్ల సార్. అవతల లైన్ మీద మనుషులున్నరు. వాళ్లు దిగిన్రని వినాలె గద."

డీఈ కాగితాలు ముందుకు లాక్కున్నాడు. గుమాస్తా ఆ మాట రాయాలా వద్దా అన్నట్టు చూసి, రాయలేదు.

ఆ రోజు తేలాల్సింది ఒక్కటే. లైన్ ఎప్పుడు ఆపుతామో, ఎక్కడ పని చేస్తామో తీగల దొంగలకు ఆపరేటరు చేరవేశాడా, లేదా. చేరవేశాడని తేలితే ఆయన ఉద్యోగం పోతుంది. రిటైరు కావడానికి ఇంకా రెండేళ్లుంది. పింఛను పోతుంది. ముప్ఫై ఏళ్లుగా ఉంటున్న క్వార్టరు ఖాళీ చేయాలి. వీటికన్నా ఆయన్ని తినేస్తున్నది వేరే ఉంది. ముందు రోజు నాతో అన్నాడు: "నౌకరి పోతే పోయింది బేటా. దొంగలకు దోస్తు అంటరు సూడు, గా మాటతోని బజార్ల ఎట్ల తిరగాలె." నలుగురిలో నన్ను సార్ అనేవాడు, ఒంటరిగా ఉన్నప్పుడు బేటా అనేవాడు.

నేను పాలిటెక్నిక్‌లో డిప్లొమా ముగించి సబ్ ఇంజినీరుగా చేరి ఏడాది కాలేదు. మాది రామన్నపేట వైపు. మొదటి పోస్టింగు కొత్తకోట దాటాక బెంగుళూరు రోడ్డు పక్కన ఉన్న ఈ స్టేషన్లో పడింది. తొంభైల మొదటి రోజులు. బోర్లు ఎండుతున్నాయి, ట్రాన్స్‌ఫార్మర్లు కాలుతున్నాయి, రైతులు తిడుతున్నారు. రోజూ పొద్దున లేచేసరికే అలసట ఉండేది.

మా స్టేషన్లలో ఫోన్లు ఉండేవి, పలికేవి కావు. పనంతా వైర్‌లెస్ మీదే. మీట నొక్కి మాట్లాడాలి, వదిలి వినాలి. అన్ని స్టేషన్లకూ ఒకే ఛానల్. ఒకరు మాట్లాడితే అందరూ వింటారు. పొద్దున పెద్ద స్టేషన్ వాళ్లు వరుసగా ఒక్కొక్కరినీ పిలిచి లోడు అడిగేవారు. అడిగింది లోడే. చెప్పేది మాత్రం అన్నీ.

"సలాం అందరికి, నమస్తే అందరికి," అని మా ఆపరేటరు మొదలుపెట్టేవాడు. ఆయన గొంతు కోసం సగం స్టేషన్లు ఆగేవి. "లోడు మంచిగనే ఉంది. మనుషులే తక్కువున్నరు. హెల్పరు మరదలి పెండ్లికి పోయిండు, ఎల్లుండి దాక రాడు."

"చాచా, మా తాన ఆయిల్ అయిపోయింది. నీ దగ్గర ఎన్ని డ్రమ్ములున్నయి?" అని ఇంకో స్టేషన్.

"రెండున్నయి. షెడ్డుకు తాళం గూడ లేదు. ఎప్పుడన్న వచ్చి తీస్కపో."

"తాళం లేదని గింత గట్టిగ చెప్తవేంది చాచా?"

"మనోళ్లే గదరా వినేది."

మనవాళ్లే వింటారని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అనుకున్నాను. ఆ మాట అన్న గొంతు అదే క్షణంలో వరండాలో, రోడ్డు దాకా మోగుతోందని ఎవరికీ తట్టలేదు. రోజూ ఉండే చప్పుడు కొన్నాళ్లకు చెవికి అందదు.

స్పీకరు కథ ఇది. బోర్లకు కరెంటు వంతుల వారీగా ఇచ్చేవాళ్లం. ఏ ఫీడరుకు, అంటే ఏ ఊళ్ల వైపు పోయే లైనుకు, ఎప్పుడు వస్తుందో తెలియక రైతులు వచ్చి కిటికీ పట్టుకుని అడిగేవారు. రోజంతా అడిగేవారు. నాకు ముందు పనిచేసిన ఒక అసిస్టెంట్ ఇంజినీరు విసిగిపోయి, "స్పీకరు బయట కట్టండి, వాళ్లే విని పోతారు," అన్నాడట. నోటిమాటగా అన్నాడు. ఆ తరువాత ఆయన బదిలీ అయి వెళ్లిపోయాడు. రైతులు కిటికీ వదిలి వరండా మెట్ల మీద కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చున్నవాళ్లకు చాయ్ కావాలి కాబట్టి గేటుకు ఎదురుగా ఒకామె తాటాకు పాక వేసి హోటల్ పెట్టింది. హైవే మీద పోయే లారీలు కూడా ఆగేవి. దానికి బోర్డు లేదు. అందరూ మైకు హోటల్ అనేవారు.

ఇక దొంగతనాల సంగతి. లైన్ మీద ఎవరైనా పని చేయాలంటే ముందు లైన్ క్లియర్ తీసుకోవాలి. మేము ఎల్సీ అనేవాళ్లం. ఎవరు ఎక్కుతున్నారు, ఏ లైను, ఏ స్తంభం నుంచి ఏ స్తంభం దాకా, ఎన్నింటి వరకు, ఇదంతా మా ఆపరేటరు వైర్‌లెస్‌లో చెప్పాలి. లైను అవతలి చివర ఉన్న స్టేషన్ ఆపరేటరు అదే మాట తిరిగి చెప్పాలి. రెండు చివరలా స్విచ్చులు తెరిచాకే మనిషి నిచ్చెన ఎక్కాలి. మా ఆపరేటరు ఈ తంతును నమాజులా చేసేవాడు. గొంతు మారేది. తొందరపెట్టినా వినేవాడు కాదు. చాలా ఏళ్ల కింద ఇంకో స్టేషన్లో, "అదే లైన్" అన్న ఒక్క మాటతో ఎల్సీ ఇచ్చారట. అదే అంటే ఏదో ఇద్దరూ వేరువేరుగా అనుకున్నారు. స్తంభం మీది మనిషిని కిందికి దించడానికి తాడు కావాల్సి వచ్చిందని మాత్రం చెప్పి, తక్కినది చెప్పేవాడు కాదు.

ఆ ఎండాకాలం మా ముప్ఫైమూడు కేవీ లైను మీద ఒక రోజంతా పని పెట్టుకున్నాం. మా మనుషులు ఇటు చివర ఉన్నారు. సాయంత్రం స్విచ్చు వేస్తే కరెంటు రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే అటు చివర స్తంభాలున్నాయి, తీగలు లేవు. పట్టపగలు ఊడదీసుకుపోయారు. పక్క చేనులో ఉన్న రైతును అడిగాము.

"మీవోల్లే గద సార్. ఖాకీ అంగీలేసుకున్నరు, నిచ్చెన తెచ్చిన్రు. పాత తీగ తీసి కొత్తది ఏస్తమన్నరు."

"నువ్వేం చేసినవ్?"

"మంచినీళ్లిచ్చిన. ఎండకు పాపం మస్తు తిప్పలు పడుతున్నరని నా కొడుకును గూడ తోలిన, తీగ చుట్టనీకి."

నెల తిరగకముందే ఇంకోసారి. అదే పద్ధతి: ఎల్సీ ఉన్న రోజు, మా వాళ్లు ఒక చివర, దొంగలు ఇంకో చివర. కరెంటు ఆపిన లైను ఏదో, మేము ఎక్కడ ఉన్నామో, ఎన్నింటి దాకా ఉంటామో తెలియకుండా ఎవరూ అంత తీరికగా పని చేయలేరు. లోపలివాళ్లు చెబుతున్నారని డీఈ తేల్చేశాడు. రెండు రోజులూ ఎల్సీ ఇచ్చింది మా ఆపరేటరే. మిగతా ఇద్దరు ఆపరేటర్లకూ వ్యవసాయం ఉండేది కాబట్టి పగటి డ్యూటీ ఎప్పుడూ ఆయనే చేసేవాడు.

"నువ్వు చదువుకున్నవాడివి. ఎక్కణ్ణుంచి బయటకు పోతోందో చూడు," అన్నాడు డీఈ నాతో.

నేను ఒక తెల్లకాగితం మీద వలయాలు గీశాను. ఎల్సీ గురించి ముందుగా తెలిసేవాళ్లు తొమ్మిదిమంది. ఎవరు ఎవరితో మాట్లాడతారో బాణాలు పెట్టాను. వారం రోజులు ఆ తొమ్మిదిమందిని కనిపెట్టాను. వాళ్లు పని చేశారు, అన్నం తిన్నారు, నిద్రపోయారు. చివరికి కాళ్లు లాగి మైకు హోటల్లో కూర్చున్నాను. హోటలామె చాయ్ పోస్తూ పక్కన బియ్యం సంచితో నిలబడ్డ ముసలమ్మకు చెబుతోంది:

"పిండి గిర్నికి ఇయ్యాల పోకు అవ్వా. కరెంటు మూడింటిదాక రాదు. ఇరవై రెండో పోల్ కాడ ఎక్కిన్రు, నలభై దాక పోతరంట. లైన్‌మన్, ఇద్దరు హెల్పర్లు. మూడో హెల్పరుకు జెరం."

జ్వరం సంగతి నాకే తెలియదు.

బెంచీ మీద చూశాను. ఇద్దరు లారీ డ్రైవర్లు, ఒక క్లీనరు, పాలు పోసే అతను, ఎరువుల కొట్టు యజమాని, ముఖం తెలియని ముగ్గురు. అందరూ చాయ్ తాగుతున్నారు. మా ఆపరేటరు గొంతు స్పష్టంగా, రెండేసి సార్లు చెబుతోంది. కాగితం మీద తొమ్మిది అని రాసుకున్నదాన్ని కొట్టేశాను. దాని చోట ఏ అంకె రాయాలో తోచలేదు.

మొన్న ఈ సంగతంతా మళ్లీ గుర్తొచ్చింది. ఇప్పుడు నేను పాలమూరులో ఉన్నాను. బస్టాండు దగ్గర ఇంటర్నెట్ షాపు పెట్టారు. మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆపరేటరు నా పక్క కుర్చీలో కూర్చుని ఎవరితోనో టైపు కొట్టి ముచ్చట పెడుతున్నాడు. ఏ స్టేషన్లో పని, ఏ షిఫ్టు, ఆదివారం ఒక్కడినే ఉంటానని, గేటు తాళం చెడిపోయిందని. ఎవరతను అని అడిగాను. "తెల్వదు సార్, దోస్తు," అన్నాడు. ఊరేది అంటే అదీ తెలియదన్నాడు. తెర మీద అవతలివాడు మంచి ప్రశ్నలే అడుగుతున్నాడు. నేను నా కనెక్షను కట్ చేసుకుని లేచి వచ్చాను. మర్నాడు అతనికి చెప్పాను. "మన సంగతులు ఎవరికి కావాలె సార్," అని నవ్వాడు.

ఆ రోజుల్లో నేను డీఈకి స్పీకరు గురించి చెప్పాను. స్పీకరు తీయించాడు. మర్నాటికి కిటికీ దగ్గర నలభైమంది రైతులు. ఆ మర్నాడు గేటుకు అడ్డంగా ఎడ్లబండ్లు. "మా చెవులు కోసినట్టు జేసిన్రు," అని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. ఎవరో పెద్దమనిషి డీఈని పిలిపించుకుని మాట్లాడాడు. స్పీకరు మళ్లీ కట్టమని డీఈ చెప్పాడు. ఆయనా నోటిమాటగానే చెప్పాడు.

దానికి బదులు కోడ్ పెట్టాడు. లైన్లకు, ఫీడర్లకు కూరగాయల పేర్లు. స్తంభాల నంబర్లు గాలిలో చెప్పకూడదు. ఈ ఉత్తర్వు మాత్రం రాసి పంపాడు. మొదటి రోజు ఛానల్ మీద పని జరగలేదు.

"చాచా, నీ వంకాయ ఎట్లుంది?"

"పుచ్చింది. నీ సొరకాయకు లోడెంత?"

"కాకరకాయ ఎవరికి ఇచ్చిన్రు? గా స్టేషనోనికి బరాబర్ సూటయింది."

లైన్‌మన్లు, హెల్పర్లు పట్టిక నేర్చుకోవాలి కదా. మైకు హోటల్లో కూర్చుని ఒకరికొకరు అప్పజెప్పుకున్నారు. మధ్యలో తప్పు చెబితే హోటలామె సవరించేది. నాలుగో రోజు నేను గేటు దాటుతుంటే పాలవాడు అడిగాడు: "బీరకాయ బందంట గద సారు, మా బోరు బీరకాయ కిందనే వస్తదా?"

వారం తరువాత పట్టిక మార్చారు. మారిన పట్టిక మాకు అందింది, అవతలి స్టేషన్‌కు అందలేదు. ఆ రోజు మా లైన్‌మన్ ముప్ఫైమూడు కేవీ లైను మీద ఎక్కాలి. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టి, హెల్పరు చేతిలోని వాకీటాకీ మీద మాట కోసం ఎదురుచూస్తున్నాడు. నేను కంట్రోల్ గదిలో ఆపరేటరు వెనక నిలబడి ఉన్నాను.

"బీర ఓపెన్ చేసిన," అన్నాడు అవతలి ఆపరేటరు. "ఎక్కమను."

మా ఆపరేటరు మీట నొక్కలేదు. గోడ మీది మీటరు చూశాడు. ముల్లు సున్నాకు పడిపోలేదు. అవతల తెరిచింది వేరే లైను.

మీట నొక్కాడు. "కూరగాయలు బంద్ పెట్టు," అన్నాడు. తరువాత గొంతు మార్చి లైన్ పేరు చెప్పాడు, మా లైన్‌మన్ పేరు చెప్పాడు, స్తంభాల నంబర్లు చెప్పాడు, సాయంత్రం నాలుగు దాకా అని చెప్పాడు. అన్నీ రెండుసార్లు. అవతలివాడు రెండుసార్లు తిరిగి చెప్పాడు. ముల్లు పడిపోయింది. లైన్‌మన్ ఎక్కాడు.

బయట స్పీకరు కూడా అన్నీ రెండుసార్లు చెప్పింది. సాయంత్రానికి లైను అటు చివర మూడోసారి తీగలు పోయాయి.

విచారణకు దారితీసింది అదే. కోడ్ వాడమని రాసి ఇచ్చిన ఉత్తర్వు ఉంది. ఆయన వాడలేదు. అదే రోజు దొంగతనం జరిగింది. ఈ మూడింటిని ఒక కాగితం మీద వరుసగా రాస్తే ఎవరికైనా ఒకటే అర్థం కనిపిస్తుంది.

డీఈ అడిగాడు: "కోడ్ ఉంది కదా. పేరు, నంబర్లతో సహా బాహాటంగా ఎందుకు చెప్పావు?"

"అవతలోనికి సమజ్ గాలేదు సార్."

"మళ్లీ కోడ్‌లోనే అడగొచ్చుగా?"

"అడుగొచ్చు. మల్ల బీర అంటడు. ఎన్నిసార్లు బీర అంటే నమ్మాలె నేను?"

గుమాస్తా తలదించుకుని రాస్తున్నాడు. డీఈ లైన్‌మన్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

"నేనేమంట సార్," అన్నాడు లైన్‌మన్. "చాచా గట్ల చెప్పకపోతే మీకు కుర్చీ ఒకటి తక్కువ పడకపోవు. నేను నిలవడనీకి గూడ ఉండకపోదును."

అప్పుడు డీఈ తన సంచిలోంచి ఒక కాగితం తీశాడు. రెండు రోజుల కింద హైవే మీద చెక్‌పోస్టు దగ్గర పాత ఇనుము లారీని ఆపితే, ఇనుము కింద మా తీగ దొరికింది. పోలీసులు క్లీనరు మాట రాసుకున్నారు. డీఈ దాన్ని పైకి చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన గొంతు తగ్గింది. సబ్‌స్టేషన్లో మీకు ఎవరు చెప్పారని అడిగితే క్లీనరు అన్నాడట: మాకు ఎవరూ తెల్వదు సార్. మైకు హోటల్ కాడ చాయ్ తాగుతుంటే వాళ్లే చెప్తరు. ఒక్కోపారి మాకు సమజ్ కాకుంటే ఫికర్ లేదు, మల్ల ఒకసారి చెప్తరు.

ఆపరేటరు కళ్లు తుడుచుకున్నాడు, చెమట కావచ్చు. బయట స్పీకరులో, మనుషులు దిగారు, లైను వేసుకోవచ్చు అని ఒక గొంతు చెప్పింది. ఇంకో గొంతు అదే తిరిగి చెప్పింది. డీఈ అది పూర్తయ్యే దాకా ఆగాడు.

ఫలితం నెల తరువాత వచ్చింది. దొంగలతో సంబంధం రుజువు కాలేదు. ఉద్యోగం ఉంటుంది, పింఛను ఉంటుంది. ఉత్తర్వు ఉల్లంఘన రుజువైంది. ఒక ఇంక్రిమెంటు ఆపి, కృష్ణ ఒడ్డు వైపు ఉన్న చిన్న స్టేషన్‌కు బదిలీ చేశారు. అక్కడ వైర్‌లెస్ సెట్టు లేదు. స్పీకరు తీసేయమని ఈసారి రాసి పంపారు. రైతుల కోసం గేటు దగ్గర ఒక నల్లబోర్డు పెట్టమన్నారు. కోడ్ రద్దయింది. ఎల్సీ మాటలు మళ్లీ మామూలు తెలుగులోకి వచ్చాయి, కాకపోతే గదిలోనే. పొద్దుటి పిలుపులో లోడు తప్ప ఇంకేమీ మాట్లాడకూడదన్నారు. ఎవరూ ఎదురు చెప్పలేదు. అందరూ అలసిపోయి ఉన్నారు.

వెళ్లే రోజు స్పీకరును ఆయనే విప్పాడు. నేను స్టూలు పట్టుకున్నాను. మెట్ల మీద ఇద్దరు రైతులు కూర్చుని చూస్తున్నారు. హోటలామె గ్లాసులు కడుగుతూ ఇటే చూస్తోంది.

"ఏం చాచా, ఇగ మాకు టైం ఎవరు చెప్తరు?" అంది రోడ్డు అవతల నుంచే.

"బోర్డు మీద రాస్తరు అక్కా."

"నాకు సదువొస్తదా?"

ఆయన స్క్రూలు నా చేతిలో పెట్టాడు. గోడ మీద స్పీకరు ఉన్న చోట తెల్లగా గుండ్రని మచ్చ మిగిలింది. "నేను దొంగలకు చెప్పలే అని తేలింది గద బేటా," అన్నాడు స్టూలు దిగుతూ. తేలింది అన్నాను. "మరి ఎవరికి చెప్పినట్టు ఇన్నేండ్లు?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా తువ్వాలు భుజాన వేసుకుని బస్సు కోసం వెళ్లాడు.

మధ్యాహ్నం స్పీకరును స్టోరుకు తీసుకెళ్లి అప్పగించాను. స్టోర్‌కీపరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పని చేస్తదా సార్?"

"చేస్తది."

"మరెందుకు వాపసిస్తున్నరు?"

నేను రిజిస్టరు అతని ముందుకు జరిపాను. అతను అందులో రాసుకున్నాడు. లౌడ్‌స్పీకరు, పాతది, పనిచేసేది: ఒకటి.